మధ్యలో ఆపినందుకు

జగ్గయ్యపేట,
11 ఫిబ్రవరి 2025

వదినకి,

నా నెంబరు నువ్వు బ్లాక్ చేశావని అమ్మ చెప్పింది. అందుకే కాగితం మీద రాస్తున్నాను. అమ్మ చందర్లపాడు నుంచి ఆదివారం మీ ఇంటికి వస్తోంది కదా, ఆమె చేతికిచ్చి పంపుతున్నాను. చింపేసే ముందు ఒక్కసారి చదువు.

విజయవాడ ఆసుపత్రిలో అంతమంది ముందు నన్ను చూపించి, "ఈవిడ కంపెనీ మనిషి, లోపలికి రానివ్వొద్దు" అని నర్సుతో అన్నావు. నేను బెన్ని సొంత చెల్లెల్ని అని ఆ అమ్మాయికి చెప్పుకోవాల్సి వచ్చింది. ఆమె నీ ముఖం చూసి నన్ను నమ్మలేదు. తలుపు అద్దంలోంచే అన్నయ్య చేతుల కట్లు, కళ్ళ మీద గుడ్డ చూసి బస్సెక్కాను.

నీ కోపం దేనిమీదో తెలుసు. ప్రమాదం గురించి కంపెనీ రాసిన రిపోర్టులో నా సంతకం ఉంది. ఉంది, కాదనను. అందులో ఉన్నవి రెండు మాటలు. టెస్టు నడిపిస్తున్న ఇంజినీరు నాసెల్‌ని మధ్యలో ఆపాడు, ఆపకూడదని రూలుంది. మంట రాగానే కంట్రోల్ క్యాబిన్ వదిలి బయటికి పరిగెత్తాడు, అదీ కూడదని రూలుంది. రెండూ నిజమే. కెమెరాలో ఉన్నాయి. పక్క సీటులో తెర చూస్తున్న రత్నబాబు కూడా అదే చెప్పాడు. నేను అబద్ధం మీద సంతకం పెట్టలేదు.

ఆ మొదటి రూలు రాసింది నేను. దాన్ని క్యాబిన్ గోడకి అతికించింది అన్నయ్య. చిన్న బోల్టు కూడా రెండుసార్లు బిగించి చూసుకునే మనిషి, తనే అతికించిన రూలుని ఎందుకు దాటాడు? రాత్రీ పగలూ ఇదే ఆలోచన నాకు. ఈ ఉత్తరం ఆయనకి చదివి వినిపించి, ఏం చెబుతాడో రాయి.

నీ ఆడపడుచు,
మెర్లిన్


నందిగామ,
18 ఫిబ్రవరి 2025

మెర్లిన్‌కి,

వందనాలతో మొదలుపెట్టడం అలవాటు. ఇవాళ చెయ్యి రాలేదు.

మీ అమ్మగారు నీ ఉత్తరం నా చేతికిచ్చి, నేను చదివేదాకా కుర్చీలోంచి లేవలేదు. "ఇంట్లోవాళ్ళే ఇట్టా కొట్టుకుంటే ఎట్టాగే" అని కళ్ళు తుడుచుకున్నారు. ఆవిడకి టీ పెట్టిచ్చా. నీకు ఇవ్వడానికి నా దగ్గర ఏమీ లేదు.

"టెస్టు నడిపిస్తున్న ఇంజినీరు" అట. మీ అన్నయ్యకి పేరు లేదా? నిన్ను సైకిలు వెనక కూర్చోబెట్టుకుని ట్యూషన్‌కి తీసుకెళ్ళినప్పుడు ఉందిగా పేరు!

నిన్న మీ కంపెనీ డైరెక్టరు భార్గవ గారు పంపారంటూ ఒకాయన మా ఇంటికి వచ్చాడు. టైపు చేసిన కాగితం తెచ్చాడు. నిబంధనలు ఉల్లంఘించినట్టు ఒప్పుకుంటున్నానని రాసుంది. చేతులకి కట్లున్నాయి, సంతకం ఎలా పెడతారని అడిగితే, "వేలిముద్ర చాలండి, బొటనవేలు ఒక్కటి బయటికి తీస్తే సరిపోద్ది" అన్నాడు. కాలిన చేతి కట్టు విప్పమన్నాడు, నా ఎదురుగా నిలబడి. పైగా, "మీ ఆడపడుచు గారు కూడా చూశారండీ ఇది" అన్నాడు. గేటు దాకా సాగనంపి మరీ గొళ్ళెం పెట్టా.

అదే రోజు స్టాఫ్ రూములో ఒకావిడ ఫోను చూపించి అభినందనలు చెప్పింది. మీ ఆడపడుచుని ఇంజను విభాగానికి హెడ్‌ని చేశారటగా అని. అన్న కాలిపోయాడు, చెల్లెలు సంతకం పెట్టింది, పదవి వచ్చింది. వరస బాగానే కుదిరింది.

నువ్వు అడిగిన ప్రశ్నకి ముందు నా ప్రశ్నకి జవాబు రాయి. మధ్యలో ఆపడం అంటే ఏమిటి? ఆపితే ఎందుకు తగలబడాలి? నేను పదో తరగతికి ఫిజికల్ సైన్స్ చెబుతాను. చంటిపిల్లకి చెప్పినట్టు కాకుండా సరిగ్గా రాయి.

జాయిస్


జగ్గయ్యపేట,
25 ఫిబ్రవరి 2025

జాయిస్ గారికి,

నేను కంపెనీ మనిషినని మీరే అన్నారు కాబట్టి, కంపెనీ మనిషి రాసినట్టే రాస్తాను. మీరు అనే రాస్తాను.

హెలికాప్టర్ నిలబడ్డ చోటినుంచి లేస్తుంది కానీ వేగంగా పోలేదు. విమానం వేగంగా పోతుంది కానీ దానికి రన్‌వే కావాలి. మేం చేస్తున్నది ఈ రెండు పనులూ చేయాలి. రెక్కల చివర రెండు పెద్ద రోటర్లుంటాయి. లేచేటప్పుడు ఆకాశం వైపు చూస్తాయి, లేచాక మెల్లగా ముందుకి ఒరిగి విమానం ఫ్యాన్లలా లాగుతాయి. ఒరిగేది రోటర్ ఒక్కటే కాదు. దాని కింద ఇంజను, గేర్‌బాక్స్, ఆయిల్ అన్నీ ఒక డొప్పలో ఉంటాయి. దాన్నే నాసెల్ అంటాం. ఆ డొప్ప మొత్తం ఒరుగుతుంది.

చిక్కంతా అక్కడే. గేర్ల మీద పడ్డ ఆయిల్ అడుగుకి జారుతుంది. అక్కడినుంచి పంపు దాన్ని పీల్చి, చల్లబరిచి, మళ్ళీ గేర్ల మీద చల్లుతుంది. నాసెల్ నిలబడి ఉంటే అడుగు ఒక చోట, ముందుకి పడుకుంటే అడుగు మరో చోట. అందుకని రెండు చోట్ల రెండు నోళ్ళు, ఒక్కో నోటికి ఒక పంపు పెట్టాం. అటూ ఇటూ కాని మధ్య కోణంలో మాత్రం ఆయిల్ ఏ నోటి దగ్గరా నిలవదు. గేర్లు దాన్ని విసిరికొడుతుంటాయి, రెండు నోళ్ళూ గాలి పీలుస్తాయి. చకచకా దాటేస్తే ఏమీ కాదు. ఆగితే గేర్లు ఎండిపోతాయి, ఎర్రబడతాయి, మిగిలిన ఆయిల్ ఆవిరై అంటుకుంటుంది. నిమిషం కూడా పట్టదు. అందుకే ఆ రూలు.

మూడో నోరు పెట్టొచ్చుగా అంటారు. పెట్టొచ్చు. పంపు బరువు రెక్క చివరికి చేరుతుంది. అక్కడ బరువు పెరిగిన కొద్దీ రెక్క ఊపు మారుతుంది. రెక్క ఊపు, రోటర్ ఊపు ఒకదాన్నొకటి ఎగదోసుకుంటే రెక్క విరుగుతుంది. ఇక ఈ ఊరి సున్నపురాయి దుమ్ము సంగతి. అది ఇంజనులోకి పోతే ఆ వేడికి కరిగి లోపలి బ్లేడ్ల మీద గాజులా గడ్డకడుతుంది. దానికి ఫిల్టర్ పెట్టాం. ఆ బరువు ఎక్కడో తగ్గించాలి. మూడో పంపు తీసేశాం. మొదటి దశకి చాలనుకున్నాం, నేనూ ఒప్పుకున్నాను.

మీ ఇంటికొచ్చిన ఆ కాగితం నేను చూడలేదు. అతను అబద్ధం చెప్పాడు. హెడ్ పదవి ప్రమాదానికి ముందే ఖరారైంది. రత్నబాబుని అడగండి, స్వీట్లు తెచ్చింది అన్నయ్యే.

అన్నయ్యకి నా ఉత్తరం చదివారా లేదా, మీరు రాయలేదు. చదవలేదనే అనుకుంటున్నాను. ఆయన నోరు మూయిస్తున్నది కంపెనీ కాదు, మీరు.

మెర్లిన్


నందిగామ,
10 మార్చి 2025

మెర్లిన్‌కి,

మీరు అని రాస్తే దూరం అనుకున్నావు. ఆ దూరం నాకిప్పుడు హాయిగానే ఉంది.

శుక్రవారం కట్లు విప్పారు. కుడి కంటితో నన్ను చూసి, "సన్నబడ్డావే" అన్నారు. ఎడమ కంటి గురించి డాక్టరు ఏమీ తేల్చడం లేదు. చేతుల మీద కొత్త చర్మం గులాబీ రంగులో, పసిపిల్లలకి ఉన్నట్టుంది. గ్లాసు పట్టుకుంటే జారిపోతోంది. ఇదంతా నీ రిపోర్టులో రాసుకోవడానికి చెప్పడం లేదు.

అవును, నీ ఉత్తరాలు ఆయనకి చదవలేదు. చదవను. అయితే నేను అడగలేదనుకోకు. అడిగా, "మధ్యలో ఎందుకు ఆపారండీ" అని. గోడవైపు తిరిగి పడుకున్నారు. రెండోసారి అడిగితే, "ఆపాలనిపించింది, ఆపా. వదిలెయ్" అన్నారు. పద్నాలుగేళ్ళ కాపురంలో నాకెప్పుడూ ఇలా జవాబు చెప్పలేదు. నీ రూలు ఎంత భయపెట్టిందో చూడు, సొంత భార్యకి కూడా చెప్పలేకపోతున్నారు.

నీ ఆయిలు పాఠం చదివా. అర్థమైంది. అర్థమయ్యాకే కోపం ఇంకా పెరిగింది. నందిగామలో ఎక్కిన బస్సు జగ్గయ్యపేట పోవాలి. చిల్లకల్లు దగ్గర ఆగితే ఇంజను తగలబడుతుందని తెలిసి, బస్సు బాగుచేయడం మానేసి, 'చిల్లకల్లులో ఆపరాదు' అని బోర్డు రాసి డ్రైవరు ముందు తగిలించారు. హైవే మీద మనిషి అడ్డం వస్తే డ్రైవరు ఏం చేయాలి? తొక్కించాలా? ఆపి తగలబడితే, తప్పు డ్రైవరుదా?

మా స్కూల్లో పదో తరగతి పరీక్షలకి బల్లల మీద నెంబర్లు వేస్తున్నాం. సాయంత్రానికి నడుము పడిపోతోంది. ఇంటికొస్తే ఈయన చీకట్లో కూర్చుని ఉంటారు, లైటు వేసుకోవడం కూడా మర్చిపోయి. ఈ రెండింటి మధ్య నీకు ఉత్తరం రాస్తున్నానంటే అది ప్రేమ కాదు. ఇంకెవరినీ తిట్టలేక.

జాయిస్


జగ్గయ్యపేట,
22 మార్చి 2025

జాయిస్ గారికి,

బస్సు వేరు, టెస్టు స్టాండు వేరు. స్టాండు మీదున్నది విమానం కాదు. ఒక్క నాసెల్‌ని ఇనప చట్రానికి బిగించి, మనుషుల్ని దూరంగా పెట్టి, తప్పులు బయటపడాలనే నడుపుతాం. పాఠం చెప్పేవాళ్ళకి ఈ తేడా తెలియాలి.

మీ ఉత్తరం చదివిన కోపంతోనే మర్నాడు క్వారీకి వెళ్ళాను. మా స్టాండు ఉన్నది ఎప్పుడో తవ్వి వదిలేసిన సున్నపురాయి గోతిలోనని మీకు తెలుసు. ఈ ఎండకి ఆ తెల్ల గోడల మధ్య నిలబడితే కళ్ళు మండుతాయి. మీరు రాసిన మాట బుర్రలో తిరుగుతూనే ఉంది, మనిషి అడ్డం వస్తే అని. క్యాబిన్‌లో అన్నయ్య సీటులో కూర్చుని, ఆయనకి ఏం కనిపిస్తుందో చూశాను. కెమెరాకి స్టాండు మాత్రమే కనిపిస్తుంది. ఆ సీటులోంచి చూస్తే స్టాండు వెనక గోతి అంచు, పైనుంచి దిగే పాత లారీ బాట కూడా కనిపిస్తాయి.

నాసెల్ ముందుకి ఒరిగే కొద్దీ రోటర్ గాలి నేలని వదిలి వెనక్కి మళ్ళుతుంది. పూర్తిగా ఒరిగితే ఆ గాలి, అది ఎగరేసే రాళ్ళు నేరుగా ఆ బాట మీదే పడతాయి. నడిచి వెళ్ళి చూశాను. కంచె తీగ ఒక చోట వంగి ఉంది. కింద మేక పెంటికలు.

గేటు దగ్గర వాచ్‌మన్ని అడిగాను. "బేబి మేకలండి. చిల్లకల్లు ఆమె. ఎన్నిసార్లు చెప్పినా వస్తదండి, ఇక్కడ కంప చెట్లకి కాయలుంటయి గదా" అన్నాడు. ఆ రోజు వచ్చిందా అంటే తల గోక్కున్నాడు.

మా టెస్టు ప్రోగ్రాములో ఒకసారి ఒరగడం మొదలైతే రెండే బటన్లు పనిచేస్తాయి, ముందుకి లేదా ఆగు. వెనక్కి తిప్పడానికి లేదు. మనిషి కనబడితే అన్నయ్య చేయగలిగింది ఒక్కటే. అదే చేశాడా? అడగండి. ఆదివారం నేనూ చిల్లకల్లు వెళ్ళి ఆమెని అడుగుతాను.

మెర్లిన్


నందిగామ,
3 ఏప్రిల్ 2025

మెర్లిన్,

నువ్వు మనిషివేనా?

నిన్న సాయంత్రం ఒకావిడ మా గేటు పట్టుకుని నిలబడింది. యాభై ఏళ్ళు ఉంటాయి. చేతిలో సంచీ, అందులో చింతకాయలు. "బెన్ని సారిల్లు ఇదేనామ్మా" అంది. లోపలికి రమ్మంటే గుమ్మం దగ్గరే కూలబడింది. "నా మూలానే సారుకి ఇట్టా అయిందమ్మా. నేనే బేబిని. జీపులో ముగ్గురొచ్చారమ్మా, కంచె దూకావు, కేసు పెడతాం, మేకల్ని తోలకపోతాం అంటన్నారు. ఆ సారు ఒక్కమాట చెబితే వదిలేస్తారేమోనని వచ్చా" అంది. అంతకుముందు ఒక ఆడమనిషి ఆటోలో వచ్చి, ఆ రోజు క్వారీలో ఉన్నావా అని మెత్తగా అడిగి పోయిందట. ఆ ఆడమనిషి ఎవరో నాకు తెలుసు. నువ్వు మెత్తగా అడిగావు, వెనకే జీపు పంపావు. ఇంజనుకే కాదు, నీకూ రెండు నోళ్ళున్నాయి.

ఆమె గొంతు విని లోపలి గదిలో ఈయన లేచి వచ్చారు. గోడ పట్టుకుని, తలుపు తగిలించుకుంటూ. "ఆమెని ఎవరు పట్టుకున్నారు? నేను ఎవరికీ చెప్పలేదే!" అని అరిచారు. అప్పుడు బయటపడింది మొత్తం.

నాసెల్ ఒరుగుతుంటే బాట మీద మేకలు కనబడ్డాయట. వాటి వెనక ఈమె. ఆ చప్పుడుకి బెదిరి మేకపిల్ల ఒకటి అంచు మీద ఇరుక్కుంటే, దాన్ని లాగడానికి ఈమె వంగింది. ఇంకొంచెం ఒరిగితే ఆ గాలికి ఆమె గోతిలో పడుతుంది. ఆపు బటన్ నొక్కారు. వెంటనే ఇంజను కూడా ఆపారు. అప్పటికే పొగ మొదలైంది. ఆమె కదలకుండా మంటవైపు చూస్తూ నిలబడిపోయిందట. "పో! పో!" అని అరుచుకుంటూ బయటికి పరిగెత్తారు. ఆమె వెళ్ళింది. డొప్ప మూత పేలింది.

ఎవరికీ చెప్పకపోవడానికి కారణం నీ రూలు కాదు. చెబితే కంపెనీ ఆమె మీద పడుతుందని. సరిగ్గా అదే జరిగింది, నీ చేతుల మీదుగా.

ఇక నాకు రాయకు.

జాయిస్


జగ్గయ్యపేట,
7 ఏప్రిల్ 2025

వదినా,

రాయొద్దన్నావు. రాస్తున్నాను. మీరు, గారు రాసే ఓపిక లేదు.

జీపు నేను పంపలేదు. నేను వాచ్‌మన్ని అడిగిన సంగతి అతను పైవాళ్ళకి చేరవేశాడు. నాకు తెలిసిన వెంటనే భార్గవ గారి గదికి వెళ్ళాను. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

"ఆమె మీద కేసు ఎందుకండీ?" అన్నా.

ఆయన నవ్వారు. "మీకు సాయమే చేస్తున్నా మెర్లిన్. కంపెనీ స్థలంలోకి దొంగతనంగా చొరబడ్డ మనిషి వల్ల ప్రమాదం జరిగింది. మీ అన్నయ్య ప్రాణానికి తెగించి ఆమెని కాపాడారు. రిపోర్టు అలా మారిస్తే ఆయన మీద మచ్చ పోతుంది, మన డిజైన్ మీద మాట రాదు. అందరికీ మంచిదేగా."

"ఆమెకో?"

"ఆమె మనకేమవుతుంది?"

పాత రిపోర్టు మీద నా సంతకం వెనక్కి తీసుకుంటున్నానని అక్కడే రాసిచ్చాను. ఆయన నవ్వు ఆగిపోయింది. పది రోజులు ఆలోచించుకోమన్నారు.

వదినా, ఈ మాట నిన్నూ అన్నయ్యనీ అడగకుండా నేను తేల్చకూడదు. భార్గవ గారు చెప్పినట్టు రాస్తే అన్నయ్య పేరు వెంటనే బాగుపడుతుంది. రాయకపోతే ఎప్పటికి బాగుపడుతుందో తెలియదు. మీరేమంటారు?

మెర్లిన్


నందిగామ,
12 ఏప్రిల్ 2025

మెర్లిన్‌కి,

బేరం పెట్టడానికి సిగ్గు లేదా? మేకలు కాసుకునే ఆవిడ మీదకి నెట్టి నా మొగుడి పేరు కడుగుతానంటావా? ఏమంటారని అడగడం కూడానా? మా నోటితో 'సరే' అనిపించుకుంటే నీ మీద ఏమీ ఉండదని నీ లెక్క.

ఈ ఒక్క ఉత్తరం మాత్రం ఆయనకి చదివి వినిపించా. ఎలాంటి చెల్లెలో తెలియాలని. విన్నాక అన్నారు, "ఆమె పేరు ఆ కాగితం మీద కనబడితే, నేను ఆపిందానికి అర్థమే లేదని చెప్పు." ఇంకోటి కూడా అన్నారు. "అది అడుగుతోందంటే ఒప్పుకుందని కాదు, జాయిస్" అని. నీ తరఫున మాట్లాడినందుకు ఆ పూట ఆయనతో కూడా మాట్లాడలేదు.

బేబి మళ్ళీ వచ్చింది. వద్దన్నా గుమ్మం ఊడ్చి పోయింది. ఆమెని చూస్తే నాకు కోపం రావాలి. రావడం లేదు. ఆ కోపం కూడా నీ వాటాలోకే వస్తోంది.

జాయిస్


జగ్గయ్యపేట,
6 జులై 2025

వదినకి,

ఇన్నాళ్ళూ రాయలేదు. రాస్తే మాటలే అవుతాయి, పని చూపించాలనుకున్నాను.

నేను బేరం పెట్టలేదు. అన్నయ్యకి అర్థమైంది, నీకు కాలేదు. పోనీ.

బేబి పేరు రాయనని భార్గవ గారికి చెప్పాను. వారానికే హెడ్ పదవి పోయింది. ఇప్పుడు నా బల్ల స్టోరు రూము పక్కన, గ్రీజు డబ్బాల మధ్య ఉంది. నీ స్టాఫ్ రూములో ఆవిడకి ఇది కూడా చెప్పు.

వచ్చే ఏడాది దీన్ని మొదటిసారి గాల్లో నడపాల్సిన పైలట్ రాగసుధ గారు మే నెలలో వచ్చారు. ఆమెకి ఆయిల్ ప్రెషర్ లెక్కలన్నీ చూపించి, నీ బస్సు ప్రశ్నే అడిగాను. దిగుతుంటే కింద మనిషి కనబడింది, మధ్య కోణంలో ఆపుతారా, లేదా? "ఆపుతాను. ఆపలేని దాంట్లో నేను కూర్చోను" అన్నారు. అదే మాట భార్గవ గారికీ చెప్పారు. నేను ఎన్నిసార్లు చెప్పినా వినని మనిషి ఆమె చెబితే విన్నారు. మూడో పంపుకి ఒప్పుకున్నారు, ఆ పనీ కొత్త రిపోర్టూ నాకే అప్పగించారు.

పెట్టేశాం, అయిపోయింది అనుకోకు. మొదటిసారి నడిపినప్పుడు మూడో నోరు కూడా గాలే పీల్చింది. గేర్ల దెబ్బకి ఆయిల్ మజ్జిగ చిలికినట్టు నురగైపోతోంది. ప్రెషర్ పడిపోయింది, వెంటనే ఆపేశాం. భార్గవ గారు నా వైపు చూసిన చూపు రాయలేను. గేర్లకీ ఆ నోటికీ మధ్య వంపు తిరిగిన రేకు ఒకటి అడ్డం పెట్టాలని రత్నబాబూ నేనూ తేల్చడానికి జూన్ అంతా పట్టింది. ఆ రేకు తాకిన ఆయిల్ నురగ విడిచి, కిందికి జారి, నోటి దగ్గర గుంటలో నిలుస్తుంది.

గురువారం మళ్ళీ నడిపాం. అన్నయ్య సీటులో నేను కూర్చున్నాను. మధ్య కోణం రాగానే ఆపు నొక్కాను. తెర మీద ప్రెషర్ గీత కొంచెం కిందికి వంగింది. వంగి, నిలబడింది. అలాగే ఉంచాను. చాలు చాలు అని రత్నబాబు అంటున్నా ఉంచాను. తర్వాత నాసెల్‌ని వెనక్కి తిప్పాను. ఇప్పుడు ఆ బటన్ కూడా ఉంది. బాట దగ్గర కొత్త కంచె, ఇంకో కెమెరా పెట్టించాం.

దీని ఖరీదు చిన్నది కాదు. రెక్క చివర బరువు పెరిగింది కాబట్టి రెక్కనే మళ్ళీ గట్టిగా కట్టాలి. మొదటిసారి ఎగరడం ఏడాది వెనక్కి పోయింది. ఆఫీసులో సగం మంది నాతో మాట్లాడరు.

కొత్త రిపోర్టు నకలు దీనితో పెట్టాను. అందులో ఇలా ఉంటుంది. "నాసెల్ ఏ కోణంలోనైనా, నడిపేవారు కోరినంతసేపు ఆగగలగాలి. ఆగలేకపోవడం డిజైన్ లోపం. ఆ రోజు ఇంజినీరు బెన్ని దాన్ని ఆపడం సరైన పని." బేబి పేరు ఎక్కడా లేదు. తప్పు డిజైన్‌దని తేలాక ఆమె మీద కేసుకి పనిలేకపోయింది. క్యాబిన్ వదిలి వెళ్ళడం సరైనదని మాత్రం రాయలేదు. అది నేను రాయలేను.

ఇది అన్నయ్యకి చదువు. నాకు జవాబు రాయకపోయినా పర్వాలేదు.

మెర్లిన్


నందిగామ,
15 జులై 2025

మెర్లిన్‌కి,

చదివా. భోజనాల దగ్గర, గట్టిగా. "సరైన పని" అన్న చోట ఆగమని, మళ్ళీ చదవమన్నారు. మళ్ళీ చదివా. క్యాబిన్ సంగతి వచ్చేసరికి నవ్వేశారు. "అది నిజమేగా, వదలకూడదు" అన్నారు. ఆయన నవ్వు విని ఆరు నెలలైంది. ఇది నిన్ను మెచ్చుకోవడం కాదు, జరిగింది రాస్తున్నా.

తర్వాత అంతా పాడుచేశారు. నీ రిపోర్టు చివర బొమ్మని కుడి కంటికి దగ్గరగా పెట్టుకుని చూస్తూ కూర్చున్నారు. "రేకు వంపు ఇంకా తగ్గించొచ్చు, బరువు కలిసొస్తుంది" అని గొణిగారు. రాత్రి పడుకోలేదు. తెల్లారి షర్టు ఇస్త్రీ చేయమన్నారు.

"ఎక్కడికి?" అన్నా.

"క్వారీకి. సోమవారం నుంచి వస్తానని రత్నబాబుకి ఫోను చేసా."

ఎంత పోట్లాడానో పక్కింటివాళ్ళని అడుగు. ఆ నిప్పులోకి మళ్ళీ ఎట్టా పోతారండీ అని ఏడ్చా. "తప్పు నాది కాదని అది రాసింది, జాయిస్. తప్పు నాది కానప్పుడు నేను ఇంట్లో ఎందుకు కూర్చోవాలి?" అన్నారు. ఆయనకి తప్పు అంటించి నువ్వు నాకు చేసిన అన్యాయం ఒకటి. ఆ తప్పు తీసేసి చేసింది రెండోది. రెండోదే పెద్దది. మంచం మీదున్నంతకాలం కనీసం నా కళ్ళెదురుగా ఉన్నారు.

కాబట్టి నేను నిన్ను క్షమించానని మీ అమ్మగారు ఎవరితో అన్నా నమ్మకు. మా ఇంటికి రావాలనుకుంటే నేను స్కూల్లో ఉన్నప్పుడు రా.

ఒక్క సంగతి మాత్రం రత్నబాబుకి కాదు, నీకే చెబుతున్నా. మొన్న విజయవాడలో డాక్టరు తేల్చేశారు. ఎడమ కన్ను ఇక రాదు. ఆయన ఒప్పుకోరు, కనిపిస్తున్నట్టే నటిస్తారు, ఆ వైపు ఏది ఉన్నా గుద్దుకుంటారు. క్యాబిన్‌లో ఆయన సీటుకి ఎడమ పక్క ఎవరినీ కూర్చోనివ్వకు.

అక్కడ నువ్వుండు.

జాయిస్